పెట్టె మీద 525, ఆకాశంలో గుండుసున్నా

వారాంతాల్లో నేను మేడ మీద టెలిస్కోప్ పెట్టుకుని కూర్చుంటానన్న సంగతి ఆఫీసులో తెలిసినప్పట్నుంచీ ఏడాదికి ఓ పదిమందైనా అడుగుతుంటారు: "మావాడి పుట్టినరోజుకి టెలిస్కోప్ కొందామనుకుంటున్నా, ఏది కొనమంటావ్?" మహా సంతోషం. నేను గొంతు సవరించుకునేలోపే రెండో ప్రశ్న వచ్చి పడుతుంది: "ఎన్ని రెట్లు చూపించేది తీసుకోవాలి?" ఆ ప్రశ్నతో నాకు విషయం అర్థమైపోతుంది. ఈయన ఏది కొనాలో ముందే తేల్చేసుకున్నాడు. ఆన్‌లైన్ బుట్టలో ఒకటి పడుంది. దాని పెట్టె మీద ఎర్రటి అక్షరాల్తో 525 రెట్లు అని రాసుంది. నేను చెయ్యాల్సిందల్లా తల ఊపడమే.

నేను ఊపను. ఆ పెట్టె కొనేకంటే ఏమీ కొనకుండా ఊరుకోవడం మేలని నా వాదన. ఇది చాలామందికి అతిగా అనిపిస్తుంది. "ఏదో పిల్లాడి ముచ్చట, వాడేమన్నా ఇస్రోలో చేరాలా ఏంటి" అంటారు. పిల్లాడి ముచ్చట కాబట్టే ఇంతలా చెప్తున్నా. పెద్దవాళ్ళయితే నాసిరకం వస్తువు అంటగట్టాడని అమ్మినవాణ్ణి తిట్టుకుంటారు. పిల్లలకి ఆ సంగతి తెలీదు. ఆకాశంలో చూడ్డానికి ఏమీ లేదనుకుంటారు, లేదా చూడ్డం తమకి చేతకాదనుకుంటారు. నా గొడవంతా దాని గురించే.

సరే, ముందు ఆ 525 ఎక్కణ్ణుంచి ఊడిపడిందో చూద్దాం. మనమంతా ఎంసెట్ రాసొచ్చిన బాపతే. ఇంటర్ ఫిజిక్సులో కటకాల పాఠం గుర్తుందా? వస్తుకటకం నాభ్యంతరాన్ని అక్షికటకం నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం. ఇంగ్లీషు మీడియం వాళ్ళ కోసం: గొట్టం ముందున్న లెన్సు ఫోకల్ లెంగ్తుని, కంటి దగ్గర పెట్టుకునే ఐపీస్ ఫోకల్ లెంగ్తుతో భాగించడం. దీని మీద వచ్చిన బిట్టుని అరనిమిషంలో కొట్టినవాళ్ళం. ఇప్పుడా పెట్టె తెరవండి. 60 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సు, 700 మి.మీ. నాభ్యంతరం, పక్కన 4 మి.మీ. ఐపీస్ ఒకటి. 700ని 4తో భాగిస్తే 175. దానికి తోడు బార్లో అని మూడు రెట్లు పెంచే ఇంకో చిన్న గొట్టం పడేస్తారు. 175ని 3తో హెచ్చవేస్తే 525. లెక్కలో తప్పు లేదు! అలాంటి బార్లో ఇంకోటి తగిలిస్తే 1575 కూడా అవుతుంది. పాలల్లో నీళ్ళు పోసుకుంటూపోతే బిందెలకి బిందెలు నిండినట్టు.

అసలు విషయం ఏంటంటే, గొట్టంలోకి ఎంత వెలుగు వస్తుందనేది ముందున్న లెన్సు వెడల్పే తేలుస్తుంది. ఎంత సూక్ష్మమైన వివరం కనబడుతుందనేదీ అదే తేలుస్తుంది. ఐపీస్ మారిస్తే బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్త వివరం పుట్టదు. అనుభవజ్ఞులు వాడే మోటు లెక్క ఒకటుంది: లెన్సు లేదా అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు, అదీ పనికొచ్చే ఆవర్ధనం హద్దు. 60 మి.మీ.కి 120. అది కూడా లెన్సు మంచిదై, గాలి నిలకడగా ఉన్న రాత్రి మాత్రమే. 120 దగ్గర ఉన్న బొమ్మని 525కి సాగదీస్తే అదే వెలుగు 19 రెట్లు ఎక్కువ మేర పరుచుకోవాలి. చారెడు మజ్జిగ, బిందెడు నీళ్ళు. పాత ఫోన్లో తీసిన 640 బై 480 ఫొటోని సినిమా పోస్టరంత చేస్తే హీరో మొహం ఎలా ఉంటుందో, శని కూడా అలాగే ఉంటాడు. ఫొటోల్లో డిజిటల్ జూమ్ ఉత్తి గ్యాసని అందరికంటే ముందు కనిపెట్టింది మనమే. అదే సరుకు పెట్టెలో పెట్టి ఇస్తే మాత్రం గుర్తుపట్టం.

ఇక రెండో ముచ్చట. భూమి తిరుగుతోంది కదా, గంటకి 15 డిగ్రీల చొప్పున ఆకాశమంతా పడమటికి జరిగిపోతుంటుంది. 525 రెట్ల దగ్గర మామూలు ఐపీస్‌లో కనబడే ఆకాశం ముక్క చందమామ వెడల్పులో ఆరో వంతు కూడా ఉండదు. గ్రహం దాన్ని దాటడానికి 20 సెకన్లు పట్టదు. ఆ పెట్టెలో వచ్చే స్టాండేమో రేకు కాళ్ళ మీద నిలబడుతుంది, ఫోకస్ మరని ముట్టుకుంటే చాలు పూనకం వచ్చినట్టు ఊగుతుంది. ఆ ఊగుడు ఆగేసరికి గ్రహం వెళ్ళిపోయింది. మళ్ళీ వెతుకు. మళ్ళీ ముట్టుకో. మళ్ళీ ఊగు. పదేళ్ళ పిల్లాడికి ఎంత ఓపికుంటుందంటారు?

దీనికి తోడు పెట్టె మీది బొమ్మలు. 1990లో అంతరిక్షంలోకి పంపిన హబుల్ టెలిస్కోప్ అద్దం వెడల్పు 2.4 మీటర్లు. అది గంటలతరబడి వెలుగు పోగేసి తీసిన రంగురంగుల నెబ్యులా ఫొటోని 6 సెంటీమీటర్ల గొట్టం పెట్టె మీద అచ్చేస్తారు. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. నిజానికి మంచి టెలిస్కోప్‌లో కూడా నెబ్యులాలు మన కంటికి బూడిదరంగు పొగలాగే కనబడతాయి. ఆ సంగతి ముందే చెప్తే పిల్లలు ఆ పొగని చూసే మురిసిపోతారు. చెప్పకపోతే మోసం అనుకుంటారు, అనుకోవడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు అసలు వాదనకొస్తా. ఇన్ని చెప్పాక నాకు ఎప్పుడూ ఎదురయ్యే మాట ఒకటుంది: "ముందు చవకది కొని చూద్దాం, వాడికి నిజంగా ఇంట్రస్టుంటే అప్పుడు మంచిది కొందాం." వినడానికి ఎంత బుద్ధిగా ఉంది! మధ్యతరగతి జాగ్రత్త అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. కానీ ఇది తలకిందుల లెక్క. టెస్టింగ్ సర్వర్ చచ్చిపడుంటే, టెస్టులన్నీ ఫెయిలయ్యాయి కాబట్టి ప్రోగ్రాం పనికిరాదు అని రిపోర్టు రాసే టెస్టర్ని మనం ఏమంటాం? ఇక్కడ పరీక్ష పెడుతున్నది పిల్లాడి ఆసక్తికి. పరీక్ష పెట్టే సాధనమే చెడిపోయింది. ఫలితం మాత్రం పిల్లాడి ఖాతాలో రాస్తున్నాం. మా టీం లీడు ఇంట్లో అచ్చంగా ఇదే జరిగింది. పెట్టె వచ్చింది, రెండు రాత్రులు కుస్తీ అయింది, మూడో రాత్రికి అటకెక్కింది. తర్వాత ఆయన క్యాంటీన్లో నిట్టూరుస్తూ అన్నమాట: "మావాడికి సైన్స్ మీద పెద్దగా ఇంట్రస్ట్ లేదులే." ఇదీ సంగతి! రెండు రాత్రులు చలిలో నిలబడి శని కోసం వెతికిన పిల్లాడికి ఇంట్రస్ట్ లేదట. లేనిది స్టాండుకి కాళ్ళండీ.

గిటార్ నేర్చుకునేవాడికి తీగలు వదులైన గిటారిచ్చి, క్రికెట్ ఆడేవాడికి చీలిన బ్యాటిచ్చి, ముందు దీంతో రాణించు తర్వాత మంచిది కొంటా అనం కదా. నేర్చుకునేవాడికే పనిముట్టు బాగుండాలి. చెయ్యి తిరిగినవాడు చెత్త గొట్టంతో కూడా శనిని పట్టుకోగలడు, కొత్తవాడు పట్టుకోలేడు. అంచేత "మొదటిదే కదా" అన్న కారణంతో నాసిరకం కొనడం శుద్ధ తప్పు. మొదటిది కాబట్టే మంచిదై ఉండాలి.

మంచిదంటే ఏది మరి? చూడాల్సినవి రెండే. ఒకటి, ముందున్న లెన్సు లేదా అద్దం వ్యాసం. రెండు, అది కూర్చునే పీట. ఆవర్ధనం అన్నది ఐపీస్ మారిస్తే మారిపోయే అంకె, దాన్ని చూసి టెలిస్కోప్ కొనడం స్పీడోమీటర్ మీద 240 దాకా అంకెలున్నాయని కారు కొనడం లాంటిది.

ఈ రెండూ తక్కువ డబ్బులో కుదిరే రకం ఒకటుంది, డాబ్సోనియన్ అంటారు. దాని వెనకాల కథ కూడా బాగుంటుంది. జాన్ డాబ్సన్ (1915–2014) అని ఒకాయన, శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత సొసైటీ మఠంలో 1944 నుంచి 1967 దాకా సన్యాసి. అవును, మన రామకృష్ణ సంప్రదాయమే. పారేసిన గాజుపలకల్ని చేత్తో అరగదీసి అద్దాలు చేసి, అట్టగొట్టాల్లో బిగించి, చెక్కపెట్టెల్లో ఫిరంగిలా కూర్చోబెట్టేవాడు. మఠం నుంచి బయటికొచ్చాక 1968లో కొందరితో కలిసి ఫుట్‌పాత్ మీద టెలిస్కోప్ పెట్టి, దారినపోయేవాళ్ళని పిలిచి చంద్రుణ్ణీ శనినీ చూపించడం మొదలుపెట్టాడు. ఆయన చేసిందల్లా ఒకటే: మరలూ గేర్లూ మోటార్లూ తీసిపారేసి డబ్బంతా అద్దం మీద పెట్టడం. గొట్టం పైకీ కిందకీ, పక్కకీ తిరుగుతుంది. ఊగదు. అంతే.

6 అంగుళాల (150 మి.మీ.) డాబ్సోనియన్ ఆ 60 మి.మీ. గొట్టం కంటే ఆరు రెట్లకి పైగా వెలుగు పోగేస్తుంది. నాభ్యంతరం 1200 మి.మీ. ఉంటుంది కాబట్టి 25 మి.మీ. ఐపీస్‌తో 48 రెట్లు, 10 మి.మీ. ఐపీస్‌తో 120 రెట్లు. ఈ రెండు ఐపీస్‌లతో ఏళ్ళు గడపొచ్చు. ఓ మాదిరి స్మార్ట్‌ఫోన్ ధరలో వచ్చేస్తుంది. రెండేళ్ళకోసారి ఫోన్ మార్చే మనం, ఇరవయ్యేళ్ళు పనిచేసే అద్దం దగ్గర మాత్రం గీచిగీచి బేరం చేస్తాం.

120 రెట్లు చాలా అని అనుమానమా? 1610 జనవరిలో గెలీలియో గురుగ్రహం ఉపగ్రహాల్ని కనిపెట్టింది సుమారు 20 రెట్ల గొట్టంతో. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒక బామ్మగారున్నారు. ఏలినాటి శని నడుస్తోందని ఆవిడకి బెంగ. శనిని నేరుగా చూడొచ్చో చూడకూడదో అని చాలాసేపు తటపటాయించి, చివరికి కళ్ళజోడు తీసి నా 6 అంగుళాల డాబ్సోనియన్‌లో చూశారు. 120 రెట్లే. "ఓరి వీడి దుంపతెగ, ఇంత ముచ్చటగా ఉన్నాడేవిట్రా! వీడికా నేనిన్నాళ్ళూ భయపడింది" అన్నారు. తర్వాతి శనివారం గుడికి మాత్రం మానలేదు లెండి, అది వేరే సంగతి :) ఆవిడ మనవడు మాత్రం ఆ వలయం కింద పడిపోకుండా ఎలా నిలబడిందని అరగంట నన్ను తినేశాడు. ఆ ప్రశ్న వాడి దగ్గరకి పాఠంలోంచి రాలేదు, కంటిలోంచి వచ్చింది. 525 అంకె పిల్లల దగ్గర్నుంచి లాగేసుకుంటున్నది ఇదే.

ఇక మన జాతిలో రెండో రకం ఉన్నారు. బోనస్ పడగానే "మోటారున్నది కొంటా, బటన్ నొక్కితే అదే వెతికిపెడుతుంది" అనేవాళ్ళు. కంప్యూటర్ ఉన్నవి చెడ్డవని నేననను. అదే ధరకి అద్దం చిన్నదైపోతుందని మాత్రం అంటాను. చాలావాటికి మొదట రెండు మూడు ప్రకాశవంతమైన నక్షత్రాల్ని మీరే చూపించాలి, ఏది ఏ నక్షత్రమో తెలియనివాడికి ఆ కంప్యూటర్ కూడా తెలియనిదే. పగలంతా సెటప్‌లూ అప్‌డేట్‌లూ చేసే ప్రాణానికి రాత్రి కూడా అదే పనా?

ఈక్వటోరియల్ అని వంకర చేతులూ బరువు గుండూ ఉండే ఇంకో స్టాండు ఉంటుంది. చూడ్డానికి శాస్త్రవేత్త ఇంట్లో వస్తువులా ఉంటుంది కాబట్టి తెగ అమ్ముడుపోతుంది. దాని ఇరుసుని ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టాలి. న్యూయార్క్‌లో ధ్రువుడు 41 డిగ్రీల ఎత్తున ఉంటాడు. హైదరాబాదులో 17 డిగ్రీలే, అంటే చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్ళ ఎత్తు కూడా కాదు. మీ పక్క అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకు వెనకాల ఉంటాడు. ఫొటోలు తీసే రోజొచ్చినప్పుడు ఆ స్టాండు సంగతి చూసుకోవచ్చు, మొదటి రోజే ఎందుకు? ఇంకో చిట్కా: 114 లేదా 127 మి.మీ. అద్దం, నాభ్యంతరం 1000 అని రాసి, గొట్టం మాత్రం అరమీటరే ఉంటే అనుమానించండి. అందులో అద్దం నాభ్యంతరాన్ని సాగదియ్యడానికి లోపల ఒక లెన్సు ఇరికించి ఉంటుంది. చవకరకాల్లో దాంతో బొమ్మ అలుక్కుపోతుంది, సరిచెయ్యడమూ కష్టమే.

నాకు ఎదురయ్యే అభ్యంతరాలు కొన్ని.

"సిటీలో వెలుతురు కాలుష్యం, ఏం కనబడుతుంది?" చంద్రుడికీ గ్రహాలకీ వీధిదీపాలతో పెద్ద పేచీ లేదు. గచ్చిబౌలి నడిబొడ్డులో కూడా శని వలయం కనబడుతుంది (2025 మార్చిలో వలయం అంచు మనవైపు తిరిగి సన్నగీతైపోయింది, అప్పట్నుంచి మళ్ళీ విచ్చుకుంటోంది). పంచాంగం చూసుకుని శుద్ధ సప్తమి, అష్టమి రాత్రులు చంద్రుణ్ణి చూడండి, వెలుగునీడల అంచున గుంటలూ కొండలూ లేచి నిలబడతాయి. పున్నమి నాడు చూస్తే ఏ నీడా లేక చప్పగా ఉంటుంది. పొగలాంటి నెబ్యులాలకీ గెలాక్సీలకీ మాత్రం ఊరు దాటాల్సిందే.

"డాబ్సోనియన్ బరువు, లిఫ్టు లేదు, మేడ తాళం అసోసియేషన్ ప్రెసిడెంటు దగ్గరుంటుంది." ఇది న్యాయమైన అభ్యంతరం. 8 అంగుళాలది ఇరవై కిలోల పైమాటే. అలాంటప్పుడు బల్ల మీద పెట్టుకునే 4.5, 5 అంగుళాల చిన్న డాబ్సోనియన్లు ఉన్నాయి. లేదా గట్టి స్టాండున్న 70, 80 మి.మీ. లెన్సు టెలిస్కోప్ అయినా మంచిదే. చిన్న టెలిస్కోప్‌ల మీద నాకేం పగ లేదు, చిన్నదాన్ని పెద్దదని అమ్మడం మీదే.

"అంత బడ్జెట్ లేదు." అయితే టెలిస్కోప్ కొనకండి. 7×50 లేదా 10×50 బైనాక్యులర్ కొనండి. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి గురుణ్ణి చూస్తే పక్కన చుక్కల్లా ఉపగ్రహాలు కనబడతాయి. కృత్తికలు మామూలు కంటికి ఆరేడు, బైనాక్యులర్‌లో డజన్లు. అది కూడా వద్దంటే ఉత్త కళ్ళు చాలు. రోహిణి, ఆర్ద్ర, చిత్త, స్వాతి, జ్యేష్ఠ అని మన ఇళ్ళల్లో ముహూర్తాలకి వాడే పేర్లన్నీ నిజంగా పైన ఉన్నాయి. పెళ్ళిలో పంతులుగారు పట్టపగలు ఫంక్షన్ హాలు కప్పులోకి చూపించిన అరుంధతిని ఒక రాత్రి సప్తర్షుల్లో మీరే వెతికిపట్టుకోండి. పక్కనున్న వశిష్ఠుణ్ణి చిన్న టెలిస్కోప్‌లో చూస్తే ఆయనే రెండు నక్షత్రాలని తేలుతుంది.

"ఇదంతా అమెరికా వాళ్ళ హాబీ, మనకెక్కడ కుదురుతుంది?" ఇది వింటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. 1840లోనే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంతంగా అబ్జర్వేటరీ పెట్టుకున్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు వెళ్ళడాన్ని అక్కణ్ణుంచి గమనించాడు. హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టినదే నిజామియా అబ్జర్వేటరీ. పైగా మనం భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి వృశ్చికం మనకి నెత్తిమీదికి బాగా ఎక్కుతుంది, న్యూయార్క్ వాళ్ళు దక్షిణాన చెట్లమీద వెతుక్కోవాలి. మనకి అడ్డమొచ్చేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే. అందుకే వానాకాలం మొదట్లో కొనకండి, పెట్టె తెరిచిన ఉత్సాహం మబ్బులకింద చల్లారిపోతుంది.

ఆన్‌సైట్‌లో ఉన్న మిత్రులకి ఇంకా సులువు. 2008లో న్యూ హాంప్‌షైర్‌లో మొదలైన పద్ధతి ప్రకారం అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీలు పుస్తకాల్లాగే టెలిస్కోప్‌లు అరువిస్తాయి. కొనేముందు ఓ వారం తెచ్చుకుని చూడండి. సూట్‌కేసులో పడుతుందన్న ఒకే కారణంతో ఏదో ఒకటి కొని ఊరికి మోసుకురాకండి.

ఒక్క విషయంలో మాత్రం వాదనలు వద్దు, చెప్పినట్టు వినండి. ఆ చవక పెట్టెల్లో కొన్నిటితో ఐపీస్‌కి బిగించే నల్లటి సన్ ఫిల్టర్ ఇస్తారు. దాన్ని ఆ రోజే చెత్తబుట్టలో పడెయ్యండి. లెన్సు ఎండనంతా ఒకచోటికి చేర్చిన దగ్గర అది ఉంటుంది, వేడికి పగిలితే కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందువైపు పూర్తిగా కప్పే, అందుకోసమే చేసిన ఫిల్టర్ ఉండాలి. లేకపోతే చూడొద్దు.

కొనేముందు అమ్మేవాణ్ణి మూడు ప్రశ్నలడగండి.

1. అద్దం లేదా లెన్సు వ్యాసం ఎంత?
2. గొట్టాన్ని వేలితో తడితే ఊగుడు ఎన్ని సెకన్లలో ఆగుతుంది? (ఆన్‌లైన్ అయితే, కొన్నవాళ్ళు స్టాండు గురించి ఏం రాశారో చదవండి.)
3. ఐపీస్ గొట్టం 1.25 అంగుళాలదేనా? 0.965 అంగుళాల పాత సైజుదైతే రేపు మంచి ఐపీస్ కొందామన్నా దొరకడం కష్టం.

"సార్, ఇది 525 రెట్లు" అనే సమాధానమే మూడింటికీ వస్తే లేచి వచ్చెయ్యండి. వచ్చాక పగలు దూరంగా ఉన్న సెల్ టవర్ మీద ఫైండర్ సరిచేసుకోవడం, అద్దం వరస చూసుకోవడం లాంటివి కొన్న ఏ టెలిస్కోప్‌కైనా నేర్చుకోవాలి, అవి పెద్ద బ్రహ్మవిద్యలేం కావు. ఎవరైనా అడిగితే నేనే వచ్చి చేసిపెడతా. పాత గొట్టం అటక మీదున్న టీం లీడ్లకి కూడా చెప్తున్నా: బార్లో, 4 మి.మీ. ఐపీస్ అవతల పారేసి, 20 మి.మీ. ఐపీస్ పెట్టి, స్టాండు కాళ్ళు కురచ చేసి, మధ్యలో ఇటుకల సంచీ వేలాడదీసి 35 రెట్లతో చంద్రుణ్ణి చూపించండి. మీవాడికి ఇంట్రస్టుందో లేదో అప్పుడు మాట్లాడుకుందాం.